సమ్మక్కకు మనం బాకీ పడ్డ పన్ను

మా జనగామ దిక్కు బడిల హాజరు పట్టీ తీస్తే ఒక్క తరగతిలనే ముగ్గురు సమ్మయ్యలు, ఇద్దరు సారయ్యలు ఉండేటోళ్ళు. ఆడపిల్లలల్ల సమ్మక్కలు, సారక్కలు సరేసరి. పంతులు సమ్మయ్య అని పిలిస్తే మూడు గొంతులు ఒక్కసారే పలికేటివి. మొక్కుకుంటే పుట్టిన పిల్లలకు పెట్టుకున్న పేర్లు అవి. మా ఇండ్లల్ల సగం పేర్లు ఒక అడవి ఆడబిడ్డ నుంచి వచ్చినయే. కని ఆమె ఎవలు, ఎట్ల బతికింది, దేనికోసం పానం ఇడిసింది అని మేమెవ్వలం అడుగలే. బెల్లం తూకమేసినం, కోడిని కోసినం, మొక్కు తీరిందని ఇంటికొచ్చినం.

నేను మొదాలు మేడారం పోయింది అమ్మమ్మ తోని, ఎడ్లబండి మీద. హన్మకొండ దాటినంక ములుగు కాడ గట్టమ్మకు మొక్కి, పస్రా, తాడ్వాయి మీదికెళ్ళి అడవిల పడ్డం. రెండు దిక్కుల చెట్లు కమ్ముకోని ఆకాశం సన్నగ కనవడ్డది. పొద్దుగూకంగనే ఎడ్లు బెదిరినయి. పెద్దోళ్ళు బండ్లన్నీ ఒక్క దగ్గర ఇప్పి, చుట్టూ మంటలు పెట్టిన్రు. పులి ఉంటదని చెప్పిన్రు. ఆ రాత్రి నేను కన్ను మూయలే. ఇప్పుడు అదే తొవ్వల కార్ల పోతే పాట అయిపోకముందే అడవి అయిపోతది. అందుకే గీ ముచ్చట రాయాలనిపించింది.

సమ్మక్క జీవితం గురించి రాతల ఉన్నది తక్కువ, నోట్ల ఉన్నది ఎక్కువ. డోలి కోయ కళాకారులు డోలు, కంచు తాళం మోగిచ్చుకుంట రాత్రంతా ఆమె కథ పాడుతరు. భద్రాద్రి జిల్లా మణుగూరు దిక్కు సకిని రామచంద్రయ్యకు 2022ల పద్మశ్రీ వచ్చింది గా విద్యకే. 2024ల ఆయన కాలం చేసిండు. బట్టల మీద బొమ్మలు గీసిన కోయ పడిగెలల్ల ఇంకో తీరు కథలు ఉంటయి. చరిత్ర పుస్తకాల లెక్క వేరే. హన్మకొండ వెయ్యి స్తంభాల గుడి కాడ 1163ల రుద్రదేవుడు వేయించిన శాసనంల మేడరాజు అనే రాజును ఓడగొట్టిన సంగతి ఉన్నది. ఆయన పొలవాస రాజు అంటరు. కని కథల సమ్మక్క మీదికి దండు పంపింది ప్రతాపరుద్రుడు. ఆయన ఏలింది 1289 నుంచి 1323 దాక. ఇద్దరు రాజుల నడుమ వందేండ్లకు మీదనే తేడా. కాబట్టి ఏది ముందు, ఏది ఎనుక అని నేను తేల్చబోను. మేడారం చుట్టూ ఎక్కువ మంది చెప్పుకునే తీరుల చెప్తున్న. తారీఖుల మాట ఎట్లున్నా, ఏడు వందల ఏండ్లు ఒక జాతి నెత్తిన పెట్టుకోని మోసిన కథల మోసేటోళ్ళ బతుకైతే నిజం.

కోయ పెద్దలు వేటకని అడవిలకు పోయిన్రట. అక్కడ పులుల నడుమ ఒక పసిబిడ్డ ఆడుకుంట కనవడ్డది. పులులు బిడ్డను ఏమనలే. పెద్దలు ఆమెను ఎత్తుకోని గూడేనికి తెచ్చిన్రు. దొర ఇంట్ల కన్నబిడ్డ లెక్క పెరిగింది. సమ్మక్క అని పేరు పెట్టుకున్నరు. ఆమె వచ్చినంక గూడెంకు మంచి జరిగిందని అనుకున్నరు. పెరిగి పెద్దగైనంక ఆకు, పసరు, వేరు తెలిసిన మనిషైంది. జరమొచ్చినోళ్ళు, తేలు కుట్టినోళ్ళు, కాన్పు కష్టమైనోళ్ళు ఆమె కాడికే వచ్చేటోళ్ళు. ఆమె చెయ్యి పడితే తక్కువైతదని నమ్మకం. ఇయ్యాల మనం కోరికలు తీరాలని మొక్కే తల్లి మొదాలు వైద్యం చేసిన తల్లి. ఆమె మందుల కొట్టు అడవే.

ఆమెను పగిడిద్దరాజుకు ఇచ్చి పెండ్లి చేసిన్రు. మేడారం పరగణాను ఏలిన కోయదొర ఆయన, కాకతీయులకు సామంతుడు. వాళ్ళకు సారక్క, నాగులమ్మ అని ఇద్దరు బిడ్డలు, జంపన్న అని ఒక కొడుకు. సారక్క పెనిమిటి గోవిందరాజు. ఇది దేవతల పట్టిక లెక్క వినవడతది కని జర ఆగి చూస్తే ఒక మామూలు సంసారం. మొగడు, ఇద్దరు బిడ్డలు, కొడుకు, అల్లుడు. అందరు ఒక్క అడవిల బతికినోళ్ళు, ఒక్క వాగు నీళ్ళు తాగినోళ్ళు.

మహబూబాబాద్ తమ్ముళ్ళకు ఒక ముచ్చట గుర్తు చెయ్యాలె. పగిడిద్దరాజు మీ జిల్లా మనిషే. గంగారం మండలం పూనుగొండ్ల ఆయన ఊరు. ఇప్పటికీ జాతర వచ్చిందంటే పూనుగొండ్లల పెనక వంశపోళ్ళు ఆయనను పెండ్లికొడుకును చేసినట్టు తయారు చేసి, కాలినడకన అడవి తొవ్వల, వాగులు దాటుకుంట మేడారం తీసుకపోతరు. బస్సులు ఉన్నయి, కార్లు ఉన్నయి, అయినా నడిచే పోతరు. గోవిందరాజు ఏటూరునాగారం మండలం కొండాయి నుంచి వస్తడు. సారక్క మేడారం పక్కపొంటి కన్నెపల్లి నుంచి వస్తది. ఇంటోళ్ళంతా తలా ఒక దిక్కు నుంచి అడవి తొవ్వ పట్టి ఒక్క కాడికి చేరుతరు. అంటే జాతర పటం గీస్తే అది ఆ అడవి పటమే.

ఇగ కరువు కాలం. ఏండ్లకు ఏండ్లు వానలు పడలే. వాగులు ఎండినయి, చేన్లు మాడినయి. గూడేలల్ల తినేతందుకే గింజ లేదు. ఓరుగల్లు నుంచి కప్పం కట్టమని కబురు వచ్చింది. పగిడిద్దరాజు కట్టలేనన్నడు. కట్టను అన్నడో, కట్టలేను అన్నడో ఒక్కొక్కరు ఒక్క తీరు చెప్తరు. కని తిండి లేని జనం దగ్గర గుంజి రాజుకు పంపుడు ఆయన మనసు ఒప్పలే. దాన్ని ఓరుగల్లు ధిక్కారం అన్నది. దండు బయలెల్లింది.

కాకతీయులను తిట్టుడు నా పని కాదు. మన రామప్ప చెరువు, లక్నవరం, పాకాల వాళ్ళ కాలంల తవ్వినయే. వాటి కింద ఇయ్యాల కూడ పొలాలు పారుతున్నయి. 1213 నాటి రామప్ప గుడిని 2021ల యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాల పెట్టింది. చెరువులు తవ్వించిన ఏలుబడే అడవి మీద పన్ను కూడ వేసింది. సర్కారు అనేది ఎన్నడైనా గంతే. ఒక చేత్తోని పెడతది, ఒక చేత్తోని గుంజుతది. గుంజే చెయ్యి ఎంత దూరం పోవాలె, ఎవల కాడ ఆగాలె అన్నదే మేడారంల కొట్లాట.

మాఘ పున్నం ముంగట దండు మేడారం మీద పడ్డది. సంపెంగ వాగు ఒడ్డున లడాయి అయింది. ఒక దిక్కు ఏనుగులు, గుర్రాలు, కత్తులు. ఇంకో దిక్కు ఇల్లంబులు, బరిసెలు. పగిడిద్దరాజు పడిపోయిండు. సారక్క, నాగులమ్మ, గోవిందరాజు పడిపోయిన్రు. చేతిల ఇంక ఏమీ లేని జంపన్న శత్రువుల చేతిల చావద్దని సంపెంగ వాగుల దుమికిండు. ఆనాటి నుంచి అది జంపన్న వాగు. మనం తానాలు చేసి, తల వెంట్రుకలు ఇచ్చేది ఒక తల్లి కొడుకు పానం పోయిన నీళ్ళల్ల. గీ మాట తెలిసినంక నేను ఆ వాగుల షాంపూ పాకెట్ పారేసిన చెయ్యి చూసుకోని సిగ్గుపడ్డ.

సమ్మక్క మాత్రం ఎనుకకు తిరుగలే. మొగడు పోయిండు, పిల్లలు పోయిన్రు, అయినా కొట్లాడింది. ఎదురుంగ నిలవలేనోళ్ళు ఎనుక నుంచి పొడిచిన్రట. రక్తం కారుకుంట చిలకలగుట్ట దిక్కు నడిచింది. ఆమె ఎంట పోయినోళ్ళకు గుట్ట మీద ఆమె కనవడలే. ఒక చెట్టు కింద, పుట్ట కాడ, కుంకుమ భరిణె ఒక్కటే దొరికింది. కథల ఆమె శవం ఉండదు, సమాధి ఉండదు. అడవిలనే కలిసిపోయింది.

అందుకే మేడారంల ఆమెకు విగ్రహం లేదు. గుర్తున్నదా మీకు? గద్దె మీదికి వచ్చేది కుంకుమ భరిణె, ఎదురు బొంగు. మొదటి రోజు సారక్క గద్దెనెక్కుతది. రెండో రోజు కోయ పూజార్లు చిలకలగుట్ట ఎక్కి, ఎవ్వలకు కనవడకుంట పూజ చేసి, సమ్మక్కను తీసుకోని దిగుతరు. పోలీసోళ్ళు తుపాకులు గాలిలకు పేల్చి ఎదురు పోతరు. ఒకనాడు రాజు దండు ఆమె మీదికి వచ్చింది, ఇయ్యాల సర్కారు తుపాకి ఆమెకు సలాం కొడతది. మూడో రోజు అందరు గద్దెల మీద ఉంటరు. నాలుగో రోజు వనప్రవేశం. మళ్ళ అడవిలకు పోతరు. 1996ల సర్కారు దీన్ని రాష్ట్ర పండుగ చేసింది. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాక జరిగిన జాతరకు వచ్చినోళ్ళు కోటి దాటిన్రని అధికారులు చెప్పిన్రు.

ఇంత మందిమి పోతున్నం కదా, ఆ అడవి కాయితాల మీద ఎవలది? 2016ల జిల్లాలు చీలినప్పుడు మేడారం జయశంకర్ భూపాలపల్లి జిల్లాల పడ్డది. 2019ల ములుగు జిల్లా ఏర్పడితే అండ్లకు పోయింది. జిల్లా మారినా చెట్టు జాగ మారలే. మేడారం చుట్టూ ఉన్నది ఏటూరునాగారం అభయారణ్యం. 800 చదరపు కిలోమీటర్లకు పైన ఉంటది. హైదరాబాద్ రాష్ట్రం ఉన్నప్పుడే, 1950లల్లనే, దాన్ని అభయారణ్యం అన్నరు. అప్పటికి దేశంల వన్యప్రాణి చట్టమే లేదు, అది 1972ల వచ్చింది. మహబూబాబాద్ దిక్కు కొత్తగూడ, గూడూరు పొంటి పాకాల అభయారణ్యం ఉన్నది. అదీ గా కాలందే. మన తెలంగాణల జాతీయ పార్కు అని పేరున్నయి మూడు, కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి. మూడూ హైదరాబాద్ నగరంలనో, దాని అంచుకో ఉన్నయే. మన అడవులకు గా పేరు లేదు కని వాటికంటె ఎన్నో రెట్లు పెద్దయి.

2025ల కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీద బుల్డోజర్లు పోయినప్పుడు మీరందరు స్టేటస్‌లు పెట్టిన్రు. రాత్రి పూట నెమళ్ళ అరుపుల వీడియోలు మన వాట్సాప్ గ్రూపులల్ల కూడ తిరిగినయి. విద్యార్థులు కొట్లాడిన్రు, సుప్రీంకోర్టు చెట్ల నరుకుడు ఆపింది. మంచి పని చేసిన్రు. కని 2024 ఆగస్టు 31 నాడు తాడ్వాయి–మేడారం అడవిల గాలి దుమారం వచ్చి చెట్లు కూలితే, 50 వేల దాక పడ్డయని అధికారులు లెక్క చెప్తే, మనం నాలుగు రోజులు మాట్లాడుకోని మర్చిపోయినం. అది మన ఇంటి ఎనుక అడవి. నగరంల చెట్టుకు కెమెరాలు ఎక్కువ, మన చెట్టుకు మనమే దిక్కు.

అడవిని కాపాడుడు అంటే ఏంది అన్న కాడ పెద్ద చిక్కు ఒకటి ఉన్నది. ప్రపంచంల మొదటి జాతీయ పార్కు అమెరికాల ఎల్లోస్టోన్, 1872ల పెట్టిన్రు. ఆ జాగల తరతరాలుగ తిరిగిన మూలవాసులను బయటకు నూకేసిన్రు. మనుషులు లేకుంటేనే అడవి పచ్చగుంటదన్న లెక్క అది. ఆ లెక్క మన దగ్గరికి కూడ వచ్చింది. నిజాం కాలంల అడవులకు గీతలు గీసి రిజర్వు అన్నరు. గీత లోపల పడ్డ గూడెం మనిషి తెల్లారేసరికి దొంగైండు. కట్టె తెస్తే కేసు, పశువును తోలితే పన్ను, పోడు కొడితే కొట్లాట. జోడేఘాట్‌ల కుమ్రం భీము 1940ల పానమిచ్చింది గీ బాధకే. సమ్మక్క నుంచి భీము దాక ఆరు వందల ఏండ్లు గడిచినయి, అడిగిన ప్రశ్న మాత్రం మారలే. అడవిల బతికేటోని నోటి కాడి ముద్ద ఎవలు గుంజుతరు అని.

ఇటు సర్కారు దిక్కు కూడ చూడాలె. అడవి ఉద్యోగం అంటే ఏసీ గదిల కుర్చీ కాదు. 2022 నవంబర్‌ల భద్రాద్రి జిల్లా చండ్రుగొండ మండలంల పోడు గొడవల ఒక రేంజ్ అధికారిని నరికి చంపిన్రు. ఆయన కూడ ఒక ఇంటి పెద్దే. ఈ దిక్కు గూడెంపోడు, ఆ దిక్కు ఉద్యోగి. ఇద్దరు ఒకరినొకరు చంపుకుంటే నడుమ లాభపడేది ఎవలు? ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు మారొద్దని 1/70 చట్టం చెప్తున్నా, పోడు చాటున ఎకరాలకు ఎకరాలు కలుపుకునే మైదానపు దొర లాభపడుతడు. రాత్రికి రాత్రి టేకు దుంగలు దాటిచ్చేటోడు లాభపడుతడు.

దీనికి తొవ్వ చూపిన చట్టం ఒకటి ఉన్నది. 2006 అటవీ హక్కుల చట్టం. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగు చేసుకుంటున్న గిరిజనులకు పట్టా ఇయ్యాలన్నది. 2023ల మన రాష్ట్రంల 4 లక్షల ఎకరాలకు పైన పోడు పట్టాలు ఇస్తున్నమని సర్కారు చెప్పింది. చట్టమంటే పట్టానే అని మనోళ్ళు అక్కడికే ఆగిన్రు. కని దాంట్ల ఇంకో మాట ఉన్నది, అది పట్టాకంటె పెద్దది. అడవిని, జంతువులను, వాగులను కాపాడే అధికారం గ్రామసభకు ఉన్నది. ఊరంతటికి కలిపి సామూహిక హక్కు అడగొచ్చు. అభయారణ్యం లోపల కూడ చెల్లుతది. ఎదురును చిన్న అటవీ ఉత్పత్తి అన్నది గా చట్టం. అంటే గద్దె మీద మనం మొక్కే ఎదురు బొంగు మీద గూడెంకు హక్కు ఉన్నది. తునికాకు, ఇప్పపువ్వు, తేనె మీద కూడ. హక్కు ఉన్నోడే కాపలా కాస్తడు. తనది కాదన్న దాన్ని ఎవలు కాస్తరు?

నా దృష్టిల సమ్మక్క కథకు ఇయ్యాల్టి అర్థం గిదే. ఆమె అడవిని మనుషులు లేని పార్కు చెయ్యమని కొట్లాడలే. అడవి దోచుకునేతందుకు కూడ కొట్లాడలే. అడవిల బతికేటోళ్ళ బతుకు అడవి మీదనే నిలవాలని కొట్లాడింది. పులుల నడుమ దొరికిన బిడ్డ కథను తరతరాలు పాడుకున్న జాతికి, పులి ఉండాలె, మనిషి ఉండాలె అన్నది కొత్తగ నేర్పే పాఠం కాదు.

మరి పులి సంగతి? మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి గోదావరి దాటి పులులు భూపాలపల్లి మీదికెళ్ళి ములుగు, మహబూబాబాద్ అడవులల్లకు వస్తున్నయి. అడుగులు కనవడుతున్నయి, పశువులను కొడుతున్నయి, పోతున్నయి. నిలకడగ ఉంటలేవు. ఎట్లుంటయి? తొవ్వ పొంటి ఉచ్చులు. బైక్ బ్రేక్ తీగతోని ఉచ్చు, 11 కేవీ లైనుకు కొక్కెం తగిలిచ్చి గుంజిన కరెంటు తీగ. తాడ్వాయి మండలం అడవిల ఒక పులి గట్లనే ఉచ్చుకు పోయింది. తీగకు పులి, పంది, మనిషి అని తెల్వదు. 2024 ఫిబ్రవరిల, జాతర నెలల్నే, భూపాలపల్లి జిల్లా కాటారం మండలం అడవిల జంతువులకని పెట్టిన కరెంటు తీగ తాకి ఒక గ్రేహౌండ్స్ కమాండో పానం పోయింది. పశువులు కాసే ముసలాయన, తునికాకు తెంపే ఆడబిడ్డ, ఎవలైనా గా తీగ మీద కాలు పెట్టొచ్చు.

మక్కజొన్న చేన్ల పందులు పడితే రైతు కడుపు ఎంత మండుతదో నాకు ఎరుకే. మా బంధువులల్లనే ఒకాయన చేను చుట్టూ తీగ గుంజిండు. పందులు ఒక్క రాత్రిల అర ఎకరం తొక్కినయి, ఆయన బాధ అబద్ధం కాదు. రెండో రోజు పొద్దుగాల ఆ తీగకు చచ్చింది పక్కింటోళ్ళ దూడ. ఇంకో పది నిమిషాలైతే దాని ఎంట పోయిన పిలగాడు కూడ పోయేటోడు. ఆనాటి నుంచి ఆయన తీగ తీసేసి, మంచె మీద పండుకుంటుండు. గా తీగ ముచ్చట ఊరంతటికి ముందే ఎరుక, నాకూ ఎరుక. ఎవ్వలం నోరు తెరవలే. ఉచ్చు పెట్టినోనిది ఎంత తప్పో, చూసి ఊకున్నోళ్ళదీ గంత తప్పే.

నా ఇంకో తప్పు చెప్పుకోవాలె. 2024 జాతరకు మేము పదిహేను మందిమి ట్రాక్టర్ల పోయినం. వాగు అవుతల చెట్ల కింద దిగినం. పొయ్యికి కట్టె కావాలంటే పచ్చి కొమ్మలు నరికినం. చెట్టు మొదట్లనే మూడు రాళ్ళు పెట్టి మంట పెట్టినం. చెట్టు బెరడు నల్లగ కాలింది. ఎల్లొచ్చేటప్పుడు ప్లాస్టిక్ గ్లాసులు, ఇస్తరాకులు, సీసాలు, కోడి బొచ్చు అక్కడనే ఇడిసి వచ్చినం. మాది ఒక్క ట్రాక్టరే. అక్కడికి వచ్చినయి వేలకు వేలు. ఇంటికొచ్చినంక అనిపించింది, కోటి మందిమి కలిసి అభయారణ్యంల ఏం పెట్టి వచ్చినం, ఏం గుంజుకోని వచ్చినం అని. రాజు దండు ఒక్కసారి వచ్చి పోయింది. మనం రెండేండ్లకొకసారి పోతున్నం.

ఓరుగల్లు అడిగిన పన్ను ఆమె కట్టలే, అది అన్యాయం కాబట్టి. మనం ఆమెకు కట్టాల్సిన పన్ను మాత్రం న్యాయమైనదే. బెల్లం మనం ఇస్తనే ఉన్నం, నిలువెత్తు బంగారమని తూకమేసి మరీ ఇస్తున్నం. బెల్లం అడవికి చేరదు. అడవికి చేరే పన్ను వేరే ఉన్నది, అది పైసలది కాదు.

జనగామ తమ్మీ, నీ ఊర్ల అడవి లేదు. గుట్టలు, చెరువు శిఖాలు, గైరాన్ భూములు ఉన్నయి. మేకలు మేసేది, కోతి పండు తినేది గక్కడనే. ఎవలో వాటికి కడీలు పాతుతుంటే గ్రామసభల లేచి అడుగు, ఫోటో తీయి, దరఖాస్తు పెట్టు. ఊరి భూమి పోయినంకనే కోతులు ఇండ్లల్లకు వచ్చినయని మా ఊరి పెద్దలు అంటరు. మేడారం పోతే గ్యాస్ పొయ్యి, స్టీలు గ్లాసులు తీసుకపో. నీ చెత్త నీ ట్రాక్టర్లనే ఇంటికి తే.

మహబూబాబాద్ తమ్మీ, కొత్తగూడ, గంగారం, గూడూరు, బయ్యారం గూడేలల్ల అటవీ హక్కుల కమిటీ ఉన్నదా, కాయితాల మీదనే ఉన్నదా అడుగు. ఊరి పేరు మీద సామూహిక హక్కు దరఖాస్తు పెట్టిన్రా? చదువొచ్చినోనివి నువ్వే. పెద్దలకు అడవి గీతలు నోటికి ఎరుక, నీకు ఫోన్ల జీపీఎస్ ఎరుక. రెండు కలిస్తే పటం అయితది. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు నడిచే తొవ్వ ఒక్కటి చాలు, దాని పొంటి చెట్టు పోకుంట చూసుకుంటే అది కూడ మొక్కే.

భూపాలపల్లి తమ్మీ, నీ దిక్కు ఒక పక్క బొగ్గు బాయిలు, ఓపెన్ కాస్టులు, ఒక పక్క గోదావరి ఒడ్డు అడవి. పులి వచ్చే తొవ్వ నీ ఊరి మీదికెళ్ళే. బీట్ ఆఫీసర్ నంబర్ ఫోన్ల పెట్టుకో. ఉచ్చు కనవడితే చెప్పు. అభయారణ్యంల వేటకు 3 నుంచి 7 ఏండ్ల జైలు ఉన్నదని తెల్వని పోరగాండ్లు ఉన్నరు, వాళ్ళకు చెప్పు. 2023 జులైల మోరంచ వాగు మోరంచపల్లిని ముంచింది. గప్పుడే జంపన్న వాగు పొంగి కొండాయిల పానాలు తీసింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. గసొంటి వానకు ఒక్క చెట్టు అడ్డం పడుతదని నేను అనను. కని వాగు ఒడ్డున మన్ను పట్టుకోని ఉండేది చెట్టు వేరే, ఇంకోటి కాదు.

వనప్రవేశం రోజు మనం చూస్తలేం. మూడో రోజుకే మొక్కు అప్పజెప్పి, ట్రాఫిక్ అయితదని తొందరపడి ఎల్లొస్తం. నాలుగో రోజు సాయంత్రం పూజార్లు సమ్మక్కను మళ్ళ చిలకలగుట్టకు తీసుకపోతరు. సారక్క కన్నెపల్లికి, గోవిందరాజు కొండాయికి, పగిడిద్దరాజు పూనుగొండ్లకు ఎళ్ళిపోతరు. రెండేండ్లు వాళ్ళు అడవిలనే ఉంటరు. వాళ్ళు మళ్ళ రావాలంటే పోయి ఉండేతందుకు అడవి ఉండాలె కదా.

మా ఇంట్ల ఈ మధ్యల ఒక బిడ్డ పుట్టింది. అమ్మమ్మ లేదు కని ఆమె మొక్కు ఉన్నది. బిడ్డకు సమ్మక్క అని పేరు పెట్టినం. వచ్చే జాతరకు బెల్లం తూకమేస్తం. ట్రాక్టర్ల గ్యాస్ పొయ్యి ఒకటి, ఖాళీ గోనె సంచులు నాలుగు ఎక్కువ పెట్టుకుంటం. నాలుగో రోజు దాక ఉంటం. మేము కాల్చిన చెట్టు బతికే ఉంటే దాని మొదట్ల నీళ్ళు పోసి వస్తం.